ఖరాదీ చెహ్రాకి ఏ నకాబ్?

2025 జనవరి 26న ఢిల్లీ కర్తవ్య పథ్ మీద వెళ్లిన మన రాష్ట్ర శకటం నిండా ఏటికొప్పాక బొమ్మలే. రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో బహుమతి కూడా వచ్చింది. అనకాపల్లి జిల్లా వాట్సాప్ గ్రూపులు ముబారక్‌లతో నిండిపోయాయి. నేనూ ఖుష్ అయ్యాను. ఇన్నేళ్లుగా ఈ జిల్లాలో విలేకరిగా తిరుగుతున్నవాణ్ని, కాకపోతే ఎలా? ఏటికొప్పాకను కొండపల్లి అని రాసే డెస్కు వాళ్లతో పోట్లాడి పోట్లాడి అలసిపోయిన నాలాంటివాడికి ఆ శకటం మీది పేరు చూడటమే ఈద్.

కాకపోతే ఆ బొమ్మల మీద నేను చదివిన వార్తలన్నీ కర్ర గురించి, రంగుల గురించి, బహుమతుల గురించి. బొమ్మకు జానెడు దూరంలో మొహం పెట్టి రోజంతా పనిచేసే మనిషి కళ్లు, ముక్కు, ఊపిరి గురించి ఎవరూ రాయరు. ఆ చెహ్రాకి కూడా ఒక తారీఖ్ ఉంది. ఈసారి అది రాద్దామని కూర్చున్నాను.

ముందు మాట సంగతి. బందరులో ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని కాబట్టి ఏ వస్తువు కనపడినా రెండు జుబాన్లలో దాని పేరు వెతుక్కోవడం నా ఆదత్. కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీర్చే సాధనాన్ని పాత తెలుగులో తరిమెన అన్నారు. తరిమెన పట్టడమంటే ఆ పని చేయడం. ఇప్పుడు ఎవరిని అడిగినా లేతు మిషను అంటారు, అంతే. ఉర్దూలో అది ఖరాద్, పట్టేవాడు ఖరాదీ. అరబీలో ఆ పనివాణ్ని ఖర్రాత్ అంటారు, మన మాట అక్కడి నుంచి వచ్చిందే. కైరో పాత ఇళ్లకు మష్రబియా కిటికీలు ఉంటాయి. ఖరాద్ మీద తీర్చిన వందలాది చిన్న ముక్కలను ఒకదాంట్లో ఒకటి దూర్చి జాలీలా అల్లుతారు. గాలి వస్తుంది, లోపలివాళ్లు బయటికి కనపడరు. గుజరాత్‌లో సంఖేడా సామాను చేసేవాళ్లు ఖరాదీలే. కర్ణాటకలో చన్నపట్న బొమ్మల పనిని టిపూ సుల్తాన్ ఇరాన్ కారీగర్లను పిలిపించి నేర్పించాడని ఒక రివాయత్ ఉంది. రివాయత్‌ను తారీఖ్ అని రాయడం నాకు నచ్చదు. అక్కడ ఈ పని చేసే ఇళ్లలో ముస్లిం ఇళ్లు చాలా ఉన్నాయన్నది మాత్రం కళ్లతో చూడగలిగిన సంగతి.

మన ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, నున్నగా ఉలికి లొంగే కర్ర. ఈ చెట్టు గింజలనే యూనానీ హకీములు ఇంద్రజౌ షీరీన్ అంటారు. మా నానీ దవాఖానా డబ్బాల్లో ఆ పేరు చూసిన గుర్తు నాకుంది, అది ఈ బొమ్మల చెట్టేనని తెలిసింది మాత్రం అనకాపల్లి వచ్చాకే.

పాత తరిమెన ఎలా పనిచేసేదో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. రెండు మేకుల మధ్య కర్ర. దాని ఇరుసుకు రెండు మూడు చుట్లు తిప్పిన తాడు. ఒకరు ఆ తాడు రెండు కొసలూ పట్టుకుని మజ్జిగ చిలికినట్టు ఇటూ అటూ లాగాలి. చాలా ఇళ్లలో ఆ లాగే చేతులు ఇల్లాలివే, పేరు మాత్రం పనివాడిది. కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిరుగుతుంది. ముందుకు, అంటే పనివాడి వైపు తిరిగేటప్పుడే ఉలి తెగుతుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఉలిని వెంట్రుకవాసి ఎత్తి ఆగాలి. అంటే పనిలో సగం సేపు కర్రకూ ఉలికీ దోస్తీ లేదు.

ఆ ఆగడంలోనే హిఫాజత్ ఉంది. తాడు లాగే మనిషి అలసిపోతే కర్ర ఆగుతుంది. ఉలి ఇరుక్కుంటే తాడు జారుతుంది. ‘ఆగు’ అని అరిస్తే వినే మోటారు అది. వేగమూ చేతుల బలాన్ని మించి పోదు. పైగా పచ్చి ఆరని కర్ర మీద పని చేస్తే ఉలి నుంచి దుమ్ము రాదు, ఉల్లిపొరల్లాంటి చుట్లు వస్తాయి. అవి ఒళ్లో పడతాయి, ఊపిరితిత్తుల దాకా పోవు.

మా మామూ బందరులో మంచం కోళ్లు తీర్చేవారు. రొట్టె కర్రలు, కవ్వాలు కూడా. మొహానికి ఎర్ర రుమాల్‌ను ముక్కు మీదుగా చుట్టి, చివర్లు వెనక్కి ముడేసేవారు. పిల్లలం దగ్గరికి పోతే “బేటా, దూర్ బైఠో” అనేవారు. ఆయనది తాడు ఖరాదే. ఆ రుమాల్ ఆయన నకాబ్, ఆయన కాలానికి అది సరిపోయింది కూడా. కళ్లకు మాత్రం ఏమీ లేదు, కనురెప్పలు తప్ప.

తర్వాత మోటారు వచ్చింది. దాన్ని తిట్టడానికి నేను రాయడం లేదు. పొద్దంతా తాడు లాగిన ఆడవాళ్ల భుజాలను అడిగితే మోటారు ఎంత పెద్ద నేమతో చెబుతాయి. ఒక రోజులో తయారయ్యే కుంకుమ భరిణెల లెక్క మారిపోయింది, పిల్లల ఫీజులు కట్టగలిగారు. కానీ ఖరాద్ స్వభావం ఒక్కసారిగా మారింది. అది ఒకే దిక్కుకు తిరుగుతుంది, ఆగదు, అరుపు వినదు.

కొంచెం హిసాబ్ చేద్దాం. నిమిషానికి 1500 చుట్లు తిరిగే మిషను మీద 10 సెంటీమీటర్ల మందం ముక్క పెడితే దాని అంచు గంటకు దాదాపు 28 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అదే 25 సెంటీమీటర్ల గిన్నె అయితే 70 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఊడిన బెరడు ముక్క, ముడి దగ్గర పగిలిన చెక్క అదే వేగంతో బయలుదేరుతుంది. ఎదురుగా ఉండేది మొహం. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఏటికొప్పాకలో ఎక్కువగా చిన్న వస్తువులే, బొంగరాలు, లక్కపిడతలు, భరిణెలు. కాబట్టి దవడలు విరిగే దెబ్బలు అరుదు. కానీ కంటికి చిన్న వస్తువు, పెద్ద వస్తువు అనే తేడా లేదు. బియ్యపు గింజంత చెక్క చాలు.

లక్క పని ఇంకో రకం. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మళ్లీ మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. చూస్తుంటే జాదూలా ఉంటుంది. ఆ వేడి లక్క చుక్క ఎగిరి రెప్ప మీద పడితే మాత్రం జాదూ కాదు. అది మైనంలా జారిపోదు, అతుక్కుంటుంది.

అన్నింటికంటే ఆలస్యంగా తెలిసే నష్టం దుమ్ముది. ఉప్పు కాగితం పెట్టి నునుపు చేసేటప్పుడు లేచేది కంటికి కనపడే పొట్టు కాదు, పొగలాంటి గుండ. దీని కథ తెలుసుకోవాలంటే ఒకసారి ఇంగ్లండ్ వెళ్లి రావాలి, ఎందుకంటే మన దగ్గర జరిగిన మార్పే అక్కడ ముందు జరిగింది.

లండన్‌కు వాయవ్యంగా చిల్టర్న్ కొండల్లో బీచ్ చెట్ల అడవులు ఉన్నాయి. అక్కడ బాజర్లు అనే పనివాళ్లు అడవిలోనే గుడిసె వేసుకుని, వంగే కొమ్మకు తాడు కట్టి, కాలితో తొక్కుతూ ఖరాద్ పట్టేవాళ్లు. పచ్చి కర్రతో కుర్చీ కాళ్లు తీర్చి హై వికమ్ ఊరి కుర్చీల కార్ఖానాలకు అమ్మేవాళ్లు. వాళ్ల ఖరాద్ కూడా మన తాడు తరిమెనకు కజిన్. ముందుకూ వెనక్కూ తిరిగేది, ఆగమంటే ఆగేది, చుట్లు రాల్చేది. ఆరుబయట పని, గాలి ధారాళం. కాలం మారి పనంతా కార్ఖానాల్లోకి, కరెంటు మిషన్ల మీదికి, ఎండిన కర్ర మీదికి పోయింది. 1960లలో ఆ ప్రాంతపు చెవి ముక్కు గొంతు డాక్టర్లకు ఒక విషయం వింతగా తోచింది. ముక్కు లోపల వచ్చే ఒక అరుదైన కాన్సర్‌తో వాళ్ల దగ్గరికి వస్తున్నవాళ్లలో కుర్చీల పనివాళ్లు ఎక్కువ. డాక్టర్ ఎస్మీ హాడ్‌ఫీల్డ్, డోనాల్డ్ ఆచిసన్, ఇంకా వాళ్ల సాథీలు లెక్కలు తీసి 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా సంస్థ కర్ర దుమ్మును మొదటి వర్గంలో చేర్చింది. మనుషులకు కాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల ఫెహరిస్త్ అది. పొగాకు పొగ కూడా అందులోనే ఉంది.

ఒక్కరోజు దుమ్ము పీలిస్తే వచ్చే జబ్బు కాదు ఇది, దశాబ్దాల లెక్క. అందుకే మన పనివాళ్లకు జలుబు, తుమ్ములు, ఆయాసం అన్నీ “డస్టు పడదు” అనే రెండు మాటల్లో సర్దుకుపోతాయి.

మరి రుమాల్ ఉంది కదా అంటారా? ఇక్కడే నాకు అసలు భయం. పాత ఖరాద్ మీద రక్షణగా ఉన్నది కొత్త ఖరాద్ మీద దుష్మన్ అయింది. సన్నటి గుండను గుడ్డ ఆపలేదు, పక్కల నుంచి, నేత సందుల నుంచి లోపలికి పోతుంది. దానికి తోడు వేలాడే చివర. రుమాల్ కొస, చీర పమిట, దుపట్టా, విప్పిన జడ, చేతి తొడుగు, ఏదైనా తిరిగే ఇరుసుకు తగిలితే మోటారు దాన్ని చుట్టుకుంటూ మనిషిని లోపలికి లాగుతుంది. తాడు లాగే ఇల్లాలు అయితే ఆపేది. 2011 ఏప్రిల్‌లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ వర్క్‌షాపులో రాత్రిపూట ఒంటరిగా లేతు మీద పనిచేస్తున్న ఒక విద్యార్థిని జుట్టు చిక్కుకుని చనిపోయింది. అంత పెద్ద యూనివర్సిటీలో జరిగింది. ఇంటి వరండాలో పమిట చెంగుతో కూర్చునే మన చెల్లెళ్ల సంగతి ఆలోచించండి.

కాబట్టి ఖరాదీ నకాబ్‌కు ఇప్పుడు రెండు పనులు. ఎగిరే ముక్కను ఆపాలి, లేచే గుండను ఆపాలి. ఒక్క వస్తువు రెండూ చేయదు. పవర్ కళ్లజోడు రక్షణ కళ్లజోడు కాదు, పక్కలు ఖాళీ, దెబ్బకు అద్దం పగిలి లోపలికే రావచ్చు. పాలికార్బొనేట్‌తో చేసిన, పక్కలు మూసిన సేఫ్టీ కళ్లజోడు కళ్లను కాస్తుంది, ముక్కునూ దవడనూ కాయదు. గడ్డం దాకా వచ్చే ఫేస్ షీల్డు మొహం మొత్తాన్ని కాస్తుంది, కానీ దాని కింది నుంచి దుమ్ము హాయిగా పైకి వస్తుంది. కోవిడ్ రోజుల్లో అందరికీ పరిచయమైన ఎన్95 మాస్కు గుండను ఆపుతుంది, సరిగ్గా అతికి కూర్చుంటేనే. సర్జికల్ మాస్కు అలా అతకదు. గిన్నె లాంటి పెద్ద పని అయితే కళ్లజోడు, మాస్కు, పైన షీల్డు మూడూ కావాలి. మిషను ఆన్ చేసే క్షణంలో ముక్కకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడటం వీటన్నిటికీ ముందుది, దానికి పైసా ఖర్చు లేదు.

నాలాంటి గడ్డం వాళ్లకు ఇంకో మసలా ఉంది. మాస్కు చర్మానికి అతకాలి, వెంట్రుకలకు అతకదు. గడ్డం ఉంటే అంచుల నుంచి గాలి దూరుతుంది, మాస్కు పెట్టుకున్నామన్న తసల్లీ తప్ప ఏమీ మిగలదు. చన్నపట్నలో సున్నత్ గడ్డాలతో ఈ పనిచేసే పెద్దలకూ, మొక్కుకుని గడ్డం పెంచిన మన ఏటికొప్పాక వాళ్లకూ ఒకటే ఇబ్బంది. దీనికి జవాబు కూడా ఉంది. నడుముకో నెత్తికో చిన్న బ్యాటరీ ఫ్యాను ఉండి, వడకట్టిన గాలిని షీల్డు లోపలికి ఊదుతుంది. లోపలి నుంచి గాలి బయటికి తోస్తుంది కాబట్టి దుమ్ము లోపలికి రాదు, గడ్డంతో పేచీ లేదు, అద్దం మీద ఆవిరి పట్టదు. గనుల్లో దుమ్ముకు వాడిన ఈ హెల్మెట్లు తర్వాత కర్ర పనివాళ్ల దాకా వచ్చాయి. ధర మాత్రం మన ఖరాదీ నెల సంపాదనతో పోటీ పడుతుంది. మామూలు షీల్డు కొన్ని వందల్లో దొరుకుతుంది.

ఇక కానూన్ దగ్గరికి వద్దాం. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ పూర్తిగా కళ్ల కోసమే. పనిలో ముక్కలు ఎగిరి కంటికి తగిలే ప్రమాదం ఉన్నచోట గాగుల్స్ గానీ తెరలు గానీ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిబంధన పెట్టే వీలుండేది. చదివితే ఖరాదీని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాశారా అనిపిస్తుంది. కానీ ఆ చట్టానికి ఫ్యాక్టరీ అంటే కరెంటు వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరవైమంది ఉండాల్సి వచ్చేది. అంతకంటే చిన్నచోట్లకు కూడా చట్టాన్ని వర్తింపజేయవచ్చని 85వ సెక్షన్ చెప్పేది. వెంటనే ఒక మినహాయింపు పెట్టేది, యజమాని తన కుటుంబ సభ్యులతోనే పని చేసుకుంటుంటే తప్ప. అంటే భర్త ఉలి పట్టి భార్య తాడు లాగిన ఇల్లు అప్పుడూ లెక్కలో లేదు, భార్యాభర్తలిద్దరూ చెరో మోటారు ముందు కూర్చున్న ఇల్లు ఇప్పుడూ లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త వృత్తి భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై, ఇరవైని నలభై చేసింది.

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ఇంకా విచిత్రం. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే సంపాదన శక్తిలో 40 శాతం నష్టమని అందులో ఉండేది. కన్ను ఉండి చూపు పోతే 30 శాతం. మొహం ఘోరంగా పాడైతే 100 శాతం. ఎప్పుడో సర్కార్ చెహ్రాకు ధర కట్టింది, కట్టి మంచిపనే చేసింది. కానీ ఆ పైసలు ఇవ్వాల్సింది యజమాని. తన ఇంట్లో తన మిషను మీద పనిచేసేవాడికి యజమాని ఎవరు? బొమ్మలు కొనే వ్యాపారి ఆర్డరు ఇస్తాడు, నౌకరీ ఇవ్వడు.

బొమ్మ విషయంలో ఇంత నిర్లక్ష్యం లేదు, అది నాకు ఇంకా గుచ్చుకుంటుంది. సింథటిక్ రంగులు వచ్చి చేరాక వాటిని వదిలించి పసుపు, జాఫరా గింజలు, నీలి లాంటి చెట్ల రంగులను మళ్లీ లక్కలోకి తెచ్చిన మనిషి సి.వి. రాజు గారు. ఆ మెహనత్‌కు 2023లో పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే. 2017లో ఏటికొప్పాకకు జీఐ గుర్తింపు వచ్చింది. పసిబిడ్డ నోట్లో పెట్టుకున్నా ఏమీ కాని బొమ్మ అని ప్రపంచమంతా మెచ్చుకుంటోంది. 2021 జనవరి 1 నుంచి దేశంలో బొమ్మల నాణ్యత ఉత్తర్వు అమల్లోకి వచ్చింది, చేతివృత్తుల వాళ్లకూ జీఐ బొమ్మలకూ అందులో మినహాయింపు ఇచ్చారు, అదీ న్యాయమే. బిడ్డ నోటి గురించి ఇంత ఫికర్ చేసిన వ్యవస్థలో బొమ్మ చేసినవాడి ముక్కు గురించి ఒక్క కాగితం కదలలేదు. శిక్షణ శిబిరాల్లో మిషన్లు ఇచ్చేటప్పుడు, మోటారుతో పాటే ఒక షీల్డు, ఒక డబ్బా మాస్కులు, గుండను లాగేసే ఒక గొట్టం ఫ్యాను కూడా సబ్సిడీ లెక్కలో రాయడానికి ఎవరి ఇజాజత్ కావాలో నాకు తెలియడం లేదు. మిషను ధర పక్కన అది చిల్లర.

పనివాళ్ల వాదన కూడా రాయాలి, లేకపోతే నాఇన్సాఫీ. మొన్న ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. నలభై ఏళ్లుగా ఉలి పడుతున్నారు. షీల్డు మేకుకు వేలాడుతోంది, దాని మీద దుమ్ము లేదు, అంటే వాడుతున్నట్టే.

“ఎప్పుడు పెట్టుకుంటారు బాబాయ్?” అని అడిగాను.

“బెరడు తీసినప్పుడు పెడతాను భాయ్. ఉప్పు కాయితం ఏసినప్పుడు పెడతాను, మాస్కు కూడా. లక్కకాడ మాత్రం తీసేస్తాను.”

“వేడి లక్క కంట్లో పడితే?”

“మరేటి సేస్తాం? ఆ పలకలోంచి సూస్తే లక్క మెరుపు తెలీదు. ఒకపాలి పలకంతా గీతలే. సెమట పట్టి మసకొచ్చేస్తది. రంగు ఎక్కువైందో తక్కువైందో సూసుకోకపోతే సరుకు ఎనక్కొచ్చేస్తది.”

నేను జేబులోంచి పక్కలు మూసిన సేఫ్టీ కళ్లజోడు తీసి ఇచ్చాను. విశాఖలో కొన్నది. ఆయన తన చత్వారం కళ్లజోడు తీసి అది పెట్టుకున్నారు. భరిణె మూత మిషనుకు ఎక్కించి, ఎర్ర లక్క ఆనించి, మొగలి ఆకు తిప్పారు. తల వంచి, ఎత్తి, మళ్లీ వంచి చూశారు.

“మెరుపు తెలుస్తంది గానీ గీత తెలీట్లేదు” అన్నారు. “నా పవరేసి ఇలాటిది సేసిస్తారా ఎక్కడైనా?”

చేస్తారు. అనకాపల్లిలో నేను అడిగిన కళ్లద్దాల షాపులో మాత్రం ఆ మాట ఎప్పుడూ వినలేదన్నారు. విశాఖలో కనుక్కుంటున్నాను.